సిమెంటు పొగలో కొలువుందా?

‘కార్బన్ క్యాప్చర్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ’ అంటే వెంటనే ఫీజు కట్టేయకండి. ముందు నార్వే చూడండి. అక్కడి స్లైప్నర్ గ్యాస్ క్షేత్రంలో 1996 నుంచే కార్బన్ డయాక్సైడ్‌ని సముద్రం కింది ఇసుకరాతి పొరలోకి పంపుతున్నారు. బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో పట్టిన వాయువునైతే ద్రవంగా మార్చి, ఓడలో తరలించి, సముద్రగర్భానికి 2,600 మీటర్ల అడుగున దాస్తున్నారు. సిమెంటుకే ఎందుకంటారా? ఆ వాయువులో ఎక్కువ భాగం కాలే సున్నపురాయిలోంచే వస్తుంది. సోలార్ కరెంటు పెట్టినా ఆగదు. మన తాండూరు, పల్నాడు ఫ్యాక్టరీల సంగతీ అంతే.

వాయువును వేరుచేయడం కెమికల్ వాళ్ల పని, కంప్రెసర్లూ పైపులూ మెకానికల్ వాళ్లవి, రాతిపొర లీకవుతుందేమో కనిపెట్టేది జియాలజీ వాళ్లు. మన దగ్గర ఈ కొలువులు ఇంకా తక్కువే, అబద్ధం చెప్పను. అందుకే సర్టిఫికెట్ కంటే ముందు మాస్ ట్రాన్స్‌ఫర్, థర్మో గట్టిగా చదవండి. రిఫైనరీలో అయినా, ఎరువుల ఫ్యాక్టరీలో అయినా పనికొచ్చేవి అవే.