కాపలా పేరు పనిని చెప్పాలి: మా ప్రణాళిక

ప్రాసెసర్‌లోని ప్రతి మెమరీ రక్షణకూ అది చేసే పనిని చెప్పే పేరు ఉండాలి. అది దేన్ని కాపాడదో కూడా ఆ పేరు పక్కనే రాసి ఉండాలి. ఈ రెండు కోరికల మీదే మేము కలిశాం. మాలో కెర్నెల్ కోడ్ రాసేవాళ్ళు, సర్వర్లు నడిపేవాళ్ళు, హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసేవాళ్ళు, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుతున్న విద్యార్థులు ఉన్నారు.

డేటా ఉన్న పేజీని కోడ్‌గా నడవనివ్వకుండా ఆపే బిట్ ఒకటుంది. ఏఎండీ దాన్ని ఎన్‌ఎక్స్ అంది, ఇంటెల్ ఎక్స్‌డీ అంది, ఆర్మ్ ఎక్స్‌ఎన్ అంది. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో మైక్రోసాఫ్ట్ డీఈపీ అంది. ఏఎండీ ప్రచారంలోనైతే అదే బిట్ ‘ఎన్‌హాన్స్‌డ్ వైరస్ ప్రొటెక్షన్’ అయింది. ఆ బిట్ వైరస్‌ను గుర్తుపట్టదు, తుడిచెయ్యదు. మామూలు ప్రోగ్రామ్ వేషంలో వచ్చి నడిచే వైరస్ జోలికే పోదు. పేరు చూసి కొన్నవాళ్ళకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

మమ్మల్ని ఇంతకన్నా ఎక్కువ ఆలోచింపజేసింది మెమరీ ప్రొటెక్షన్ కీల సంగతి. ఇంటెల్ ప్రాసెసర్లలో వీటికి పేజీ టేబుల్ ఎంట్రీలో నాలుగు బిట్లు, అంటే 16 కీలు. ఒక్కో కీకి రెండేసి బిట్ల చొప్పున 32 బిట్ల రిజిస్టర్ ఒకటి: అసలు ముట్టుకోవద్దని ఒక బిట్, రాయొద్దని ఇంకో బిట్. లినక్స్‌లోకి ఇది 2016లో వచ్చింది. అప్పుడు కాన్ఫిగ్ ఆప్షన్ పేరులోనే ఇంటెల్ అని పెట్టారు. ఏఎండీ ప్రాసెసర్లకూ ఆ కీలు వచ్చేసరికి ఆ పేరు అబద్ధమైంది, 2020లో మార్చాల్సి వచ్చింది. నిజానికి ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్ 360లోనే నాలుగు బిట్ల స్టోరేజ్ కీలున్నాయి. కంపెనీ పేరు మొదట్లోనే పెట్టకుండా ఉంటే సరిపోయేది.

పేరు మారినంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఈ కీలు యూజర్ పేజీలకే పనిచేస్తాయి. డేటా చదవడాన్నీ రాయడాన్నీ ఆపుతాయి గానీ ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకోవడాన్ని ఆపవు. పైగా ఆ రిజిస్టర్‌ను కెర్నెల్ అనుమతి లేకుండా యూజర్ ప్రోగ్రామే మార్చుకోగలదు. కాబట్టి దారితప్పిన పాయింటర్ నుంచి ఇవి బాగా కాపాడతాయి. ప్రోగ్రామ్ లోపల తనకిష్టమైన కోడ్ నడపగలిగిన దాడిదారుడి ముందు ఒంటరిగా నిలవలేవు. ఈ కీల డాక్యుమెంట్‌లో మొదటి పేరా ఇదే కావాలని మా పట్టుదల.

సర్వర్ చూసుకునే మనిషి లినక్స్‌లో ప్రాక్ సీపీయూఇన్ఫో ఫైల్ తెరిస్తే ఫ్లాగుల వరుసలో వందకు పైగా పొట్టి పేర్లు కనిపిస్తాయి. అందులో పీకేయూ ఉంటే కీలు ప్రాసెసర్‌లో ఉన్నట్టు. ఓఎస్‌పీకేఈ కూడా ఉంటేనే కెర్నెల్ వాటిని ఆన్ చేసినట్టు. ఈ తేడా తెలియనివాళ్ళు రక్షణ ఉందనుకుని నిద్రపోతారు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడిన 2018 నుంచి, ఏ బలహీనతకు ఈ యంత్రంలో ఏ విరుగుడు నడుస్తోందో లినక్స్ ఒక్కో ఫైల్‌లో సూటిగా చెబుతోంది. అలాంటి ఫైల్ ఒక్కటి వంద బ్రోషర్ల పెట్టు. మెల్ట్‌డౌన్‌కు విరుగుడైన పేజీ టేబుల్ ఐసొలేషన్ కాన్ఫిగ్ పేరులో ‘మిటిగేషన్’ అన్న మాట 2024లో చేరింది. అది మంచి మార్పు.

ఇకనుంచి మాలో ఎవరు రక్షణ కోడ్ రాసినా అదే ప్యాచ్ వరుసలో డాక్యుమెంట్ కూడా పంపుతారు. ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు, ఆన్ అయిందో లేదో ఎక్కడ చూడాలి, ఆపితే ఏమవుతుంది అన్నవి అందులో ఉంటాయి. కంపెనీ పేరుతో వచ్చిన ఫీచర్ పేరును రివ్యూలోనే ప్రశ్నిస్తాం. విలీనమయ్యాక పేరు మార్చడం ఎందరికో శ్రమ.

లినక్స్ కెర్నెల్ డాక్యుమెంట్లకు చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలున్నాయి. తెలుగు లేదు. ఆ పని మేము మొదలుపెడుతున్నాం. కోడ్‌లో వెతికితే దొరకాలి కాబట్టి ఫ్లాగుల పేర్లు కెర్నెల్‌లో ఉన్నట్టే ఉంచుతాం. వివరణ మాత్రం తెలుగులో రాస్తాం.

మీ యంత్రంలోని ఫ్లాగుల్లో మెమరీ రక్షణకు సంబంధించినది ఒకటి ఎంచుకోండి. అది దేన్ని కాపాడుతుందో, దేన్ని వదిలేస్తుందో తెలుగులో ఒక పేజీ రాసి, మాతో చేరండి.