బడిదారికి చట్టము లేదా?

గనిలో పనిచేసినవారికి ఒక నియమము తెలియును. బొగ్గుటబ్బులు నడచు హాలేజీమార్గమున తాడు కదలుచుండగా మనుష్యుడు నడువరాదు. అక్కడ పనిచేయక తప్పనివారు ప్రక్కకు తప్పుకొనుటకై గోడలో నిర్ణీతదూరములయందు మ్యాన్‌హోలులు తొలిచియుండవలెను. ఇది యజమాని దయ కాదు, చట్టము. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలో ఉన్నది, 2017లో వానిని తిరుగ వ్రాసినప్పుడును నిలిచినది. టబ్బు క్రింద కూలివాడు పడినచో తనిఖీ అధికారి మార్గ మెట్లున్నదని అడుగును గాని, వాడు చూచుకొని నడువలేదన్న మాటతో తృప్తిపడడు.

ఆ గనులవలన పెరిగిన బెల్లంపల్లిలో, ఆ కార్మికుల మనుమలు బడికి పోవు వీధికి ఈపాటి రక్షణ ఏదీ? ఊరిని చీల్చుకొని కాజీపేట–బల్హార్షా రైలుదారి. చెంతనే మంచిర్యాలనుండి ఆసిఫాబాదు మీదుగా మహారాష్ట్రకు పోవు 363వ జాతీయ రహదారి. బడిగంట వేళకు లారీయు, ఆటోయు, మోటారుసైకిలును, వీపున సంచి మోయు పసివాడును ఒకే దారిన పడవలసినదే. ప్రమాదము జరిగినచో పెద్దలు చెప్పు మాట యొకటే: "పిల్లలు చూచి నడువవలదా?" ఏడేండ్ల బిడ్డకు ఎదురువచ్చు బండి వేగమును అంచనాకట్టు శక్తి యింకను కుదురదు. నిలిచిన ఆటో వెనుకనున్న ఆ బిడ్డ తల లారీవానికి కనబడదు. ఇది పిల్లవాని తప్పా?

చట్టము చాలదందురా? 2018లో కేంద్రప్రభుత్వము పురపాలక పరిధిలో సరకులారీకి గంటకు 60 కిలోమీటర్లు గరిష్ఠవేగముగా ప్రకటించినమాట నిజమే. అది పైహద్దు మాత్రమే. మోటారు వాహనముల చట్టము 112వ సెక్షను ననుసరించి రాష్ట్రప్రభుత్వముగాని, దానివలన అధికారము పొందినవారుగాని ప్రజాక్షేమమునకై దానిని ఎచ్చటనైనను తగ్గింపవచ్చును. నడచువారును బండ్లును కలిసి తిరుగుచోట 30 మించరాదని 2020లో స్టాక్‌హోము నగరమున కూడిన ప్రపంచదేశముల సమావేశము ప్రకటించినది. ఆలస్యమగునని గుత్తేదారులు మొరపెట్టుకొందురేమో! లెక్క చూతము. బడిముందరి 200 మీటర్లు 60 వేగమున 12 సెకండ్లు. 30 వేగమున 24. లారీవాని నష్టము 12 సెకండ్లు. హెల్మెటు లేని తండ్రికి చలానా వ్రాయుటలో చూపు చురుకుతనము ఇచ్చట ఏమైనదో!

మన పాలకులు మేల్కొను రీతి మాసాయిపేటలో చూచితిమి. 2014 జూలై 24న కాపలాలేని రైలుగేటువద్ద రైలు బడిబస్సును ఢీకొని పదిమందికి మించి పసిబిడ్డలు మరణించిరి. 2019 ఆరంభమునాటికి బ్రాడ్‌గేజి మార్గములలో అట్టి గేటులే లేకుండ చేసిరి. చేయదగిన పనియే యని తేలినదిగదా! 2014కు ముందు ఏల చేయలేదు?

బెల్లంపల్లిలో మాసాయిపేట కొరకు కాచుకొనరాదు. జూనులో బడులు తెరచులోపల ప్రతిబడికి ఇరువైపుల 30 పలకలు నాటింపవలెను. స్పీడుబ్రేకరులు వేయించి, వానికి తెల్లరంగు పూయింపవలెను. బడి కూడు విడుచు అరగంటలలో బరువులారీలను ఆ వీధులనుండి మరలింపవలెను. హాలేజీ నియమములు సింగరేణి సంస్థకు క్రొత్తవి కావు. తన బొగ్గు మోయు గుత్తేదారుల ఒడంబడికలలో ఈ వేళలను అదియే చేర్చవచ్చును. పురపాలకసంఘమును, పోలీసుశాఖయు, కలెక్టరుగారును ఎవరి వంతు వారు ఏ తేదీకి ముగింతురో బహిరంగముగా ప్రకటింపవలెనని కోరుచున్నాము.