కాలువ చేపకు కాసింత చోటు

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో చేపల చెరువు తయారీ అనగానే మొదట వినిపించే సలహా కలుపు చేపల నిర్మూలన. హెక్టారు చెరువులో మీటరు లోతు నీటికి సుమారు 2,500 కిలోల ఇప్ప పిండి చల్లినప్పుడు అందులోని సపోనిన్ చేపల ఎర్ర రక్తకణాలను ఛిద్రం చేస్తుంది. బొచ్చె, శీలావతి పిల్లలను వదలబోయే రైతుకు ఇది అవసరమైన పనే. కానీ 'కలుపు' అనే మాట చెరువు గట్టు దాటి కాలువలకు, మురుగు కోడులకు కూడా వర్తించడం సమంజసం కాదు.

ఆ మాటకు గురవుతున్న వాటిలో నోటోప్టెరస్ ప్రజాతి చేప ఒకటి. 1769లో పల్లాస్ ఈ చేపను వర్ణించగా, 1800లో లాసెపీడ్ ప్రజాతిని ఏర్పరచాడు. గ్రీకులో ఆ పేరుకు 'వీపు రెక్క' అని అర్థం. కత్తివలె పలుచని శరీరం, వీపున ఈకను తలపించే చిన్న రెక్క, పొట్ట కింద మొదలై తోకతో కలిసిపోయే పొడవాటి రెక్క దీని గుర్తులు. ఈత సంచితో గాలి పీల్చుకోగలదు కనుక ప్రాణవాయువు తగ్గిన నిలవ నీటిలోనూ బతుకుతుంది. వానాకాలంలో నీట మునిగిన మొక్కలకు, మోడులకు గుడ్లు అంటిస్తుంది. వాటికి మగ చేప కాపలా ఉంటుంది.

ఇది పురుగులతో పాటు చిన్న చేపలనూ తింటుంది కనుక పెంపకందారు భయం సహేతుకమే. అయితే కాలువలో ఎవరూ పిల్లలను వదిలి పెంచడం లేదు. అక్కడ ఇది పెట్టుబడి లేకుండా పేదవాని గాలానికి దొరికే ఆహారం. ముళ్లు ఎక్కువైనా తినదగిన చేప.

కనుక కాలువల పూడికతీత వేసవిలోనే ముగించి, కొన్ని లోతైన మడుగులను మిగల్చాలి. దివిసీమ శివారు కాలువలలో వేసవిన ఉప్పు పైకెక్కుతుంది కాబట్టి అక్కడ మంచినీటి మడుగు మరింత విలువైనది. వానాకాలంలో గుర్రపుడెక్క తొలగించినా, రెండు ఒడ్ల నాచును, మొక్కలను ఒకేసారి ఊడ్చివేయరాదు. ఇప్ప పిండి వేసిన చెరువు నీటిని విషప్రభావం తగ్గేదాకా, అంటే రెండు మూడు వారాలపాటు, కాలువలోకి వదలరాదు. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు కాలువ చేపల జాబితాను ఏటా నమోదు చేయడం ఉపయుక్తం. లెక్కలో లేని చేప కనుమరుగైనా ఎవరికీ తెలియదు.