ముందు ఫొటోలు, తర్వాతే విండోస్

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన వారానికే, 2025 అక్టోబర్ 14న, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. "అబ్బాయి వచ్చాక 11కి మారుద్దాంలే" అన్నారు మావారు. నేనే కూర్చున్నాను. అందులో ఏముందో తెలిసింది నాకు. అత్తయ్యగారు ఆఖరిసారి సిరిమాను చూసినప్పటి ఫొటోలు!

ముందు అవన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూసుకున్నాను. పీసీ హెల్త్ చెక్‌లో మా లాప్‌టాప్ 11కి సరిపోతుందని తేలాక, ఛార్జర్ తగిలించి, సెట్టింగ్స్‌లోంచే అప్‌డేట్ పెట్టాను. నచ్చకపోతే పది రోజుల్లోపు పాతదానికి వెళ్ళే వీలూ ఉంది.

ఇంటికి సున్నాలు వేయించేముందు దేవుడి పటాలు, ఇత్తడి సామాను పక్కన పెట్టేది మనమే కదండీ! ఇదీ అంతే. బటన్లు ఎవరైనా నొక్కుతారు. ఏది పోకూడదో మనకే తెలుసు. అబ్బాయి కోసం ఆగకండి.