వేళకు చెల్లించేవారికే పట్టం కట్టాలి

'ఈరోజు నగదు, రేపు అరువు' అని కిరాణా కొట్టులో బోర్డు పెట్టుకోవచ్చు. జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో కాపురం ఉండి, ఖర్కాయ్ నదికి అవతల ఆదిత్యపూర్‌లో షెడ్డు నడుపుకొనే చిన్న పారిశ్రామికుడు ఆ బోర్డు పెట్టలేడు. పెద్ద కార్ఖానాకు విడిభాగాలు చేసి పంపే ఆ మనిషి, సరుకు దింపిన క్షణం నుంచే అప్పు ఇచ్చినవాడవుతాడు. ఆ అప్పుకు వడ్డీ ఉండదు, తాకట్టు ఉండదు. గట్టిగా అడిగితే వచ్చే నెల ఆర్డరు ఉంటుందో లేదో తెలియదు.

వ్యాపార అరువును ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఎలా రాబట్టుకోవాలి అన్నది చాలా దేశాల్లో ఒక ప్రత్యేక వృత్తి. ఆ వృత్తిలో ఉన్నవారికి ప్రాంతాలవారీగా సంఘాలున్నాయి, పరీక్షలున్నాయి, ఏటా అవార్డులున్నాయి. మన పారిశ్రామిక వాడల్లో అరువు లేనిది పూట గడవదు కానీ, దాన్ని నడిపే విద్యకు మాత్రం సంఘబలం లేదు. అలాంటి సంఘం జంషెడ్‌పూర్ లాంటి చోట పుట్టాలన్నది ఈ వ్యాసం వాదన. పుడితే దాని అవార్డు బాకీలు గట్టిగా వసూలు చేసినవారికి కాక, చిన్నవారికి వేళకు చెల్లించినవారికి దక్కాలి.

ఒక బిల్లు కథ

1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు తీసిన తర్వాత సాక్చీ అనే పల్లె పట్టణమైంది. 1919లో దానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. 1945లో టెల్కో వచ్చింది. అదే నేటి టాటా మోటార్స్. ఉక్కు, లారీల తయారీ చుట్టూ ఆదిత్యపూర్, గమ్హారియాల్లో అనుబంధ పరిశ్రమలు వందల్లో పెరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కార్ఖానా పనికి వలస వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరి లయ బాగా తెలుసు. కార్ఖానాకు జలుబు చేస్తే ఆదిత్యపూర్‌కు జ్వరం వస్తుంది. 2019లో వాహనాల గిరాకీ పడిపోయి టాటా మోటార్స్ ఇక్కడ విడతలవారీగా ఉత్పత్తి ఆపినప్పుడు అనుబంధ యూనిట్లు ఎలా విలవిల్లాడాయో దేశమంతా చూసింది.

గిరాకీ బాగున్న రోజుల్లోనూ ఒక జబ్బు వదలదు. 10 లక్షల రూపాయల సరుకు పంపిన యూనిట్‌ను తీసుకుందాం. 18 శాతం జీఎస్టీతో బిల్లు 11.80 లక్షలు. ఆ 1.80 లక్షల పన్నును సాధారణంగా తర్వాతి నెల 20వ తేదీలోగా ప్రభుత్వానికి కట్టాలి. కొన్నవారి నుంచి డబ్బు వచ్చిందా లేదా అన్నది పన్ను శాఖకు అక్కర్లేదు. కొన్న కంపెనీ మాత్రం బిల్లు పోర్టల్‌లో కనబడి, సరుకు చేతికందితే చాలు, ఆ 1.80 లక్షలను తన పన్నులో మినహాయించుకోవచ్చు. అమ్మినవారికి చెల్లించడానికి 180 రోజులు దాటితేనే ఆ మినహాయింపును వెనక్కి ఇవ్వాలి. అంటే అమ్మినవాడు జేబులోంచి కట్టిన పన్ను, కొన్నవాడికి ముందే అక్కరకొస్తోంది.

డబ్బు 75 రోజులకు వచ్చిందనుకుందాం. 12 శాతం వడ్డీకి క్యాష్ క్రెడిట్ వాడుకునే యూనిట్‌కు ఒక్క 10 లక్షల మీదే ఆ 75 రోజుల వడ్డీ సుమారు 24,600 రూపాయలు. లాభం 5 శాతమే అయితే, 50 వేలలో సగం అక్కడే ఆవిరవుతుంది. ఉక్కు కొన్నచోట నగదు, కరెంటు బిల్లుకు గడువు, కూలీలకు వారం వారం బట్వాడా. ఇవేవీ 75 రోజులు ఆగవు.

అసలు అన్యాయం ఇంకొకటుంది. రావలసినది రాక ఆ యూనిట్ బ్యాంకు కంతు తప్పిందనుకోండి. 30 రోజులు దాటితే ఖాతా ప్రత్యేక పరిశీలన జాబితాలో ఒక మెట్టు పైకెక్కుతుంది. 90 రోజులు దాటితే నిరర్థక ఆస్తి అవుతుంది. ఆ మచ్చ క్రెడిట్ సమాచార సంస్థల రికార్డుకెక్కి, తర్వాతి అప్పుకు అడ్డుపడుతుంది. అదే 90 రోజులు బిల్లు చెల్లించకుండా కూర్చున్న పెద్ద కొనుగోలుదారు పేరు ఆ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. ఎందుకంటే అవి బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఇచ్చిన అప్పులకు సంబంధించిన లెక్కలు. షెడ్డువాడు ఇచ్చిన అరువు వాటి దృష్టిలో అప్పే కాదు. ఆలస్యం చేసినవాడు ఒకరు, పరువు పోయేది మరొకరిది.

చట్టం ఉంది, నోరు లేదు

చట్టాలు లేవని అనలేం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం సూక్ష్మ, చిన్న యూనిట్లకు చెల్లింపు గడువు పెట్టింది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన. బ్యాంక్ రేటు 6 శాతమైతే ఇది 18 శాతం. వివాదం వస్తే వినడానికి రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకు వెళ్లాలంటే కొనుగోలుదారు ఆ మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. కాగితం మీద ఇంతకన్నా పదునైన చట్టం అరుదు.

అయినా చిన్నవాడు ఫిర్యాదు పెట్టడు. ఒకే కొనుగోలుదారు మీద బతికే యూనిట్ ఆ కొనుగోలుదారు మీదే కౌన్సిల్‌కెక్కితే, తీర్పు వచ్చేనాటికి ఆర్డర్లు ఉండవు. వ్యాపారం తెగిపోయిన తర్వాతే, పోయేదేమీ లేదనుకున్నప్పుడే చాలామంది కౌన్సిల్ గడప తొక్కుతారు.

ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు దాటిన బకాయిని చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని అది చెబుతుంది. ఇది మంచి దెబ్బే. కానీ తగిలేది మార్చి 31న మాత్రమే. జూన్‌లో చెల్లించాల్సింది నవంబరులో చెల్లించినా, అదే ఆర్థిక సంవత్సరం కాబట్టి పన్నులో తేడా రాదు. మార్చిలో ఖాతాలు కడిగినట్టు కనిపిస్తాయి, ఏప్రిల్ నుంచి పాత కథ మొదలవుతుంది. బిల్లును ఆన్‌లైన్‌లో డిస్కౌంటుకు అమ్మి ముందుగా డబ్బు తెచ్చుకునే ట్రెడ్స్ వేదికలదీ ఇదే తీరు. 250 కోట్ల రూపాయలు మించిన టర్నోవర్ ఉన్న కంపెనీలు వాటిలో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. నమోదు వేరు, బిల్లును ఒప్పుకోవడం వేరు. కొనుగోలుదారు ఒప్పుకోని బిల్లుకు అక్కడ పైసా పుట్టదు.

ఈ ఏర్పాట్లన్నింటికీ ఉమ్మడి లోపం ఒకటే. బరువంతా ఒంటరి సరఫరాదారు మీద పడుతోంది. ఒక్కడు నోరెత్తలేని చోట సంఘం మాట్లాడాలి.

సంఘం చేయగల పని

అమెరికాలో 1896లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో అరువు వ్యవహారాలు చూసేవారంతా కలిసి జాతీయ సంఘం పెట్టుకున్నారు. నేటి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ క్రెడిట్ మేనేజ్‌మెంట్ అదే. దాని ప్రాణం ప్రాంతీయ శాఖల్లో ఉంది. ఒకే రకం సరుకు అమ్మే కంపెనీల క్రెడిట్ మేనేజర్లు బృందాలుగా కలుసుకుంటారు. ఫలానా కొనుగోలుదారు గత కాలంలో ఎన్నాళ్లకు చెల్లించాడన్న అనుభవాన్ని పంచుకుంటారు. శిక్షణ, పరీక్షలు, అంచెలంచెల ధ్రువపత్రాలు, ఏటా జరిగే క్రెడిట్ కాంగ్రెస్‌లో సన్మానాలు ఆ పని చుట్టూ అల్లుకున్నవే.

పోటీదారులు ఇలా కూడి మాట్లాడుకోవడం కుమ్మక్కు కాదా అన్న ప్రశ్న అక్కడా వచ్చింది. 1925లో సిమెంటు తయారీదారుల సంఘం కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కొనుగోలుదారుల చెల్లింపుల సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకున్నంత మాత్రాన చట్టవిరుద్ధం కాదని తేల్చింది. జరిగిపోయిన చెల్లింపుల గురించి నిజాలు చెప్పుకోవచ్చు. ఇకపై ఫలానావాడికి అందరం అరువు ఆపేద్దామని ఒప్పందం చేసుకోకూడదు. మన 2002 కాంపిటీషన్ చట్టం కుమ్మక్కును నిషేధిస్తోంది కాబట్టి, ఇక్కడ పుట్టే సంఘం కూడా ఈ గీతను మొదటి రోజే నిబంధనావళిలో రాసుకోవాలి.

అవార్డుకు కొలబద్ద

అవార్డు తేలికైన విషయంగా కనిపిస్తుంది కానీ, ఒక సంఘం దేన్ని గౌరవిస్తుందో చెప్పేది అదే. వసూళ్ల శాతాన్ని కొలిచి అవార్డు ఇస్తే ఏమవుతుందో తెలుగునాట సూక్ష్మరుణాలు చూపించాయి. 2010కి ముందు ఆ సంస్థలు దాదాపు నూటికి నూరు వసూళ్లు చూపి ప్రపంచ ప్రశంసలు అందుకున్నాయి. ఆ అంకెల వెనుక ఒకే ఇంటిపై నాలుగైదు అప్పులు, గుంపు ఒత్తిడి, బలవన్మరణాల ఆరోపణలు ఉన్నాయని బయటపడి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. వసూలు అంకె ఒక్కటే అరువు ఆరోగ్యాన్ని చెప్పదు.

మాట ఇచ్చినందుకే బిరుదు తగిలిస్తే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. అక్కడ 2008లో 'ప్రాంప్ట్ పేమెంట్ కోడ్' మొదలైంది. వేళకు చెల్లిస్తామని సంతకం చేసిన కంపెనీలకు ఆ ముద్ర దక్కింది. దాని నిర్వహణ చాలాకాలం చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రెడిట్ మేనేజ్‌మెంట్ చూసింది. 1939లో పుట్టిన ఆ వృత్తి సంఘం తన రంగంలో ఏటా అవార్డులు కూడా ఇస్తుంది. సంతకం చేసినవాటిలో కెరీలియన్ అనే నిర్మాణ దిగ్గజం ఉంది. ఒక పక్క ఆ ముద్ర, మరో పక్క సరఫరాదారులకు 120 రోజుల గడువు. 2018 జనవరిలో ఆ కంపెనీ కూలినప్పుడు సుమారు 30 వేల మంది సరఫరాదారులకు దాదాపు 200 కోట్ల పౌండ్లు బాకీ ఉంది.

ఆ చేదు అనుభవం వృథా పోలేదు. 2019లో కోడ్ పాటించని 17 సంస్థల పేర్లను బయటపెట్టి సస్పెండ్ చేయడమో తొలగించడమో చేశారు. 2024 డిసెంబరులో పాత కోడ్ స్థానంలో 'ఫెయిర్ పేమెంట్ కోడ్' తెచ్చారు. ఇందులో సంతకానికి విలువ లేదు, అంకెకే విలువ. 95 శాతం బిల్లులు 30 రోజుల్లో చెల్లిస్తే బంగారు అవార్డు. మొత్తం మీద 60 రోజుల్లో, చిన్నవారికి మాత్రం 30 రోజుల్లో 95 శాతం చెల్లిస్తే వెండి. 60 రోజుల్లో 95 శాతానికి కంచు. అవార్డు రెండేళ్లే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ లెక్క చూపాలి.

జంషెడ్‌పూర్‌లో మొదలుపెట్టడానికి

ఈ పనికి కొత్త భవనాలు అక్కర్లేదు. సింగ్‌భూమ్ చాంబర్ ఆఫ్ కామర్స్, ఆదిత్యపూర్ చిన్న పరిశ్రమల సంఘం ఉన్నాయి. మేనేజ్‌మెంట్ విద్యలో 1949 నుంచి పేరున్న ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఊళ్లోనే ఉంది. చిన్న పరిశ్రమల శిక్షణకు జాతీయ సంస్థ నిమ్స్‌మే హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఉంది. బారిడీహ్, టెల్కో, గోల్మురి ప్రాంతాల్లో కార్ఖానాల అకౌంట్స్, కొనుగోళ్ల విభాగాల్లో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు. బిల్లు ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగుతుందో వారికన్నా తెలిసినవారు ఎవరు?

సంఘం మొదట చేయవలసింది, సభ్యులు తమ బిల్లుల తేదీలను పేర్లు బయటపడకుండా తటస్థ ఆడిటర్‌కు ఇచ్చే ఏర్పాటు. చాలినంతమంది వివరాలు కలిస్తే ఏ ఒక్కరినీ వేలెత్తి చూపలేరు. రెండోది, కంపెనీలు తామే ప్రకటించిన లెక్కలను జనానికి అర్థమయ్యేలా చెప్పడం. చిన్న సరఫరాదారులకు ఉన్న బకాయిలను ఎన్నాళ్లుగా పెండింగులో ఉన్నాయో విడదీసి బ్యాలెన్స్ షీట్‌లో చూపాలని 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టం షెడ్యూల్-3 నిర్దేశిస్తోంది. సమాచారం ఉంది, చదివి చెప్పే దిక్కే లేదు. మూడోది శిక్షణ. ఆర్డరు ఒప్పుకునేముందే గడువు రాతలో పెట్టించుకోవడం, సరుకు అందిన రసీదు తేదీతో తీసుకోవడం, చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చెప్పే ఉద్యమ్ నంబరు బిల్లు మీద వేయడం లాంటివి తెలియక చట్టం ఇచ్చిన హక్కును పోగొట్టుకునేవారు ఎందరో.

అభ్యంతరాలు వస్తాయి. పెద్ద కంపెనీలకూ పైనుంచి డబ్బు ఆలస్యంగానే వస్తుందంటారు. నిజమే కావచ్చు. కానీ బ్యాంకుల నుంచి తక్కువ వడ్డీకి తెచ్చుకోగలిగినవాడు, ఎక్కువ వడ్డీ కట్టేవాడి మీద ఆ భారం తోయడం ఆర్థికంగానూ తెలివితక్కువే. ఆ వడ్డీ చివరకు విడిభాగం ధరలో కలిసి కొన్నవాడి దగ్గరకే తిరిగొస్తుంది. కఠినంగా ఉంటే పెద్దలు చిన్న యూనిట్లను వదిలి పెద్ద యూనిట్ల దగ్గర కొంటారన్న భయం 43బి(హెచ్) వచ్చినప్పుడూ వినిపించింది. శిక్ష పెంచితే తప్పించుకునే దారులు వెతుకుతారు. పరువుకు పోటీ పెడితే నాణ్యత ధ్రువపత్రాల కోసం పోటీపడే కంపెనీల్లో కొన్నయినా దీనికీ పోటీపడతాయి.

ఇది ఒక్క జంషెడ్‌పూర్ గొడవ కాదు. విశాఖ, విజయవాడ ఆటోనగర్లలో, జీడిమెట్లలో, బాలానగర్‌లో, చర్లపల్లిలో బిల్లుల కథ ఇదే. మన దగ్గరా వాణిజ్య మండళ్లు ఏటా ఎగుమతులకు, నవకల్పనలకు, సామాజిక సేవకు అవార్డులు ఇస్తున్నాయి. చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లో చెల్లించని కంపెనీని వాటిలో దేనికీ పరిగణించబోమని ఒక్క షరతు చేర్చడానికి ఖర్చేమీ కాదు.

బిరుదుల విలువ వేదికను బట్టి రాదు, నిరాకరించే ధైర్యాన్ని బట్టి వస్తుంది. ఎక్కడ మొదలైనా ఆ సంఘం ముందు కొలబద్దను ప్రకటించాలి, తర్వాతే అవార్డు ప్రకటించాలి. మొదటి ఏడాది ఎవరూ ఆ గీత దాటకపోతే అవార్డు ఎవరికీ ఇవ్వకూడదు, ఎందుకు ఇవ్వలేదో అంకెలతో చెప్పాలి. అలా చెప్పగలిగిన సంఘం మాటకే రెండో ఏడాది కార్ఖానాల అకౌంట్స్ విభాగాలు విలువ ఇస్తాయి.