ఖర్చు తగ్గింది సరే, ఎవరి నెత్తిన పడింది?

కొంతకాలం క్రితం నెల్లూరులో ఒక వర్క్‌షాపుకి వెళ్ళాను. పేద దేశాల్లో వైద్యాన్ని ప్రజలకు అందించే పద్ధతుల్లో ఏది చవక, ఏది ఖరీదు అన్నది విషయం. తెర మీద ఒక పట్టిక వేశారు. ఎడమ పక్క పద్ధతులు: పెద్దాసుపత్రి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సంచార వాహనం, బీమా, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. కుడి పక్క, ఒక్కో పద్ధతిలో ఒక ఆరోగ్యకరమైన సంవత్సరాన్ని కాపాడటానికి అయ్యే ఖర్చు. అన్నిటికంటే చవకగా తేలింది ఇంటింటికీ తిరిగే కార్యకర్త. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ కార్యకర్త ఎందుకంత చవక అన్న ప్రశ్న భోజనాలయ్యాక గానీ నాకు తట్టలేదు. లేచి, ఈ పట్టికలో లెక్కేసింది ఎవరి ఖర్చు అని అడిగాను. "ప్రభుత్వం ఖర్చండీ, దాతల ఖర్చు" అన్నాడు చెబుతున్న యువకుడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మర్నాడు సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాలెంలో ఉన్నాను. అక్కడ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మే ఒకామె, యాభై దాటి ఉంటాయి, బీపీ మనిషి. మాత్రలు ఎక్కడ తెచ్చుకుంటున్నావక్కా అంటే టౌన్లో పెద్దాసుపత్రికి పోతానంది. ఊళ్ళో క్లినిక్కు ఉంది కదా అన్నాను. "ఉంటే ఉండాయి, లేకుంటే లేవమ్మా. వచ్చే వారం రా అంటారు. బీపీ వారం ఆగద్దా?" టౌన్లో మాత్రలు ఊరకే ఇస్తారు. ఆ ఊరకే ఇచ్చే మాత్రలకి ఆమె లెక్క ఇది: ఆటోకి పోను రాను 120, టీ టిఫినుకి 50, ఆ రోజు గంప ఎత్తనందుకు పోయింది 400. మొత్తం 570. అదీగాక చిన్నపిల్లల్ని చూసుకోవడానికి మనవరాలు బడి మానేసింది. దానికి ఆమె ధర కట్టలేదు. నేనూ కట్టలేకపోయాను. జనరిక్ షాపులో ఆ మాత్ర ఒక్కోటి రూపాయి లోపే దొరుకుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ చేపా ఉండదు, చేతిలో డబ్బూ ఆడదు. ఆ నెలల్లో మాత్రలు ఎట్లా అంటే నవ్వి ఊరుకుంది. ఆమె మానేసిన మాత్రల వల్ల ప్రభుత్వానికి ఖర్చు తగ్గింది. పట్టిక ప్రకారం చూస్తే మంచిదే!

ఆరోగ్య ఆర్థికశాస్త్రం పుస్తకాలు తిరగేస్తే, సమాజం మొత్తం దృష్టి నుంచి లెక్క వెయ్యాలని, రోగి ప్రయాణం, పోయిన కూలి, ఇంట్లో వాళ్ళు చేసే సేవ అన్నీ కలపాలని రాసే ఉంటుంది. కానీ మంత్రిత్వ శాఖల దగ్గరికీ, దాతల దగ్గరికీ, వాళ్ళ నుంచి మన ఎన్జీవోల ప్రాజెక్టు కాగితాల దగ్గరికీ వచ్చేసరికి ఆ గడులన్నీ ఖాళీగా ఉంటాయి, లేదా పట్టికలోంచే మాయమవుతాయి. మాయమయ్యేవి దాదాపు అన్నీ ఆడవాళ్ళు భరించేవే కావడం యాదృచ్ఛికమా?

ఈ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు అందరికీ ప్రాథమిక ఆరోగ్యం అని ప్రకటించాయి. తాగే నీరు, తిండి, పరిశుభ్రత అన్నీ అందులో భాగమే. ఏడాది తిరక్కుండానే, 1979లో, అంత డబ్బు ఎక్కడుంది, చవకగా ఫలితమిచ్చే కొన్నిటిని మాత్రం ఎంచుకుందాం అనే వాదన అమెరికా నుంచి మొదలైంది. 1993లో ప్రపంచ బ్యాంకు తన వార్షిక నివేదికలో ఆ వాదనకి కొలబద్ద కూడా తయారుచేసి ఇచ్చింది. దాని పేరు 'డాలీ'. జబ్బు వల్లా అకాల మరణం వల్లా పోగొట్టుకున్న ఆరోగ్యకరమైన ఏళ్ళ లెక్క అది. అత్యంత పేద దేశాలకు మనిషికి ఏడాదికి 12 డాలర్లతో అత్యవసర వైద్యం సరిపెట్టవచ్చని ఆ నివేదిక చెప్పింది. ఆ కొలబద్దలో పాతికేళ్ళ ప్రాయంలో బతికే ఏడాదికి విలువ ఎక్కువ, ముసలితనంలో బతికే ఏడాదికి తక్కువ. సంపాదించే వయసుకే విలువ అన్నమాట! మన గంపల అక్క ఆ లెక్కలో అప్పటికే సగం మనిషి. విమర్శలు వచ్చి వచ్చి, 2010 సంవత్సరానికి వేసిన ప్రపంచ వ్యాధిభారం లెక్కల్లో ఆ వయసు తేడాని తీసేశారు. తీసేసేలోపు దాదాపు ఇరవై ఏళ్ళ పాటు ఆ కొలబద్దతో ఎన్ని నిర్ణయాలు జరిగాయో ఎవరు చెప్పాలి? ఆ రోజుల్లోనే మన రాష్ట్రం కూడా జిల్లా, ఏరియా ఆసుపత్రుల కోసం ప్రపంచ బ్యాంకు దగ్గర అప్పు తెచ్చుకుంది.

ఇదంతా చదివి నేను లెక్కలకే వ్యతిరేకినని అనుకోవద్దు. నెల్లూరు జిల్లాలో కూర్చుని లెక్కలు వద్దనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. 1992లో దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు లేచిన ఆడవాళ్ళు చేసిన మొదటి పని లెక్క వెయ్యడమే. సాక్షరతా కేంద్రంలో నేర్చిన అక్షరాలతో, అంకెలతో, మొగుళ్ళ కూలి సారా కొట్టుకి ఎంత పోతోంది, ఇంటికి ఎంత వస్తోంది అని చూశారు. సారా వేలంపాట వల్ల ఖజానాకి ఆదాయం అని ప్రభుత్వం చెప్పుకుంటే, ఆ ఆదాయం మా పొయ్యిలోంచి తీసుకున్నదే అని వాళ్ళు తేల్చారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. ఒకే డబ్బుని ఖజానా వైపు నుంచి చూస్తే ఒకటి, వంటింటి వైపు నుంచి చూస్తే ఇంకొకటి అని అంత స్పష్టంగా చెప్పిన ఆర్థికశాస్త్రం నేను యూనివర్సిటీలో చదవలేదు.

ఆ దృష్టితో లెక్క వేస్తే ఫలితాలు ఎలా ఉంటాయో చూపించే అధ్యయనాలు లేకపోలేదు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో పిల్లల టీకాల మీద జరిగిన పరిశోధన 2010లో అచ్చయింది. మామూలు పద్ధతి ఉన్న ఊళ్ళలో 6 శాతం పిల్లలకే అన్ని టీకాలూ పడ్డాయి. చెప్పిన రోజున తప్పకుండా క్యాంపు పెట్టిన ఊళ్ళలో 18 శాతం. క్యాంపుతో పాటు ప్రతి టీకాకీ కిలో పప్పు ఇచ్చిన చోట 39 శాతం. పప్పు ఇవ్వడం దుబారా అనుకుంటాం కదా, పప్పు ఇచ్చిన చోటే ఒక్కో పిల్లకి అయిన ఖర్చు సగానికి తగ్గింది, 56 డాలర్ల నుంచి 28కి. నర్సు ఎలాగూ రోజంతా కూర్చుంటుంది, వచ్చే తల్లులు పెరిగారు. పరిశోధకులు దాన్ని ప్రోత్సాహకం అన్నారు. నేననేది, అది ఆ తల్లి పోగొట్టుకున్న కూలిలో కొంత తిరిగివ్వడం. కెన్యాలో గర్భిణులకు దోమతెరలు ఉచితంగా ఇవ్వడం మాని సుమారు అర డాలరు ధర పెడితే, తీసుకునేవాళ్ళు నూటికి అరవై మంది తగ్గిపోయారు. ఇది కూడా 2010లో వచ్చిన అధ్యయనమే. 'ఉచితంగా ఇస్తే విలువ తెలియదు' అని మన మీటింగుల్లో ఇంకా వినిపించే మాటకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

దగ్గరగా, క్రమం తప్పకుండా, ఉచితంగా ఇచ్చేదే చవక. ఇంతవరకు పట్టికతో నాకు పేచీ లేదు. పేచీ ఆ చవకని ఎవరి ఒంట్లోంచి పిండుతున్నారన్న దగ్గర.

గడ్చిరోలి కథ ఈ పత్రిక పాఠకులకు తెలిసిందే. రాణీ బంగ్, అభయ్ బంగ్‌లు ఊరి ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసిబిడ్డలను కాపాడే పద్ధతి తెచ్చారు. మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి, ఒక్కో బిడ్డకి అయిన ఖర్చు 5.3 డాలర్లు. 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిందే. దాని ఆధారంగా 2011లో కేంద్రం ఆ పనిని ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్ళాలి. తూకం వెయ్యాలి, జ్వరం చూడాలి, పాలు పడుతున్నాయో లేదో చూడాలి, ప్రమాదం కనిపిస్తే ఆసుపత్రికి పంపాలి. ఆరింటికీ కలిపి కట్టిన ధర 250 రూపాయలు. ఒకసారి వెళ్తే 42 రూపాయలు కూడా కాదు! పట్టికలో అట్టడుగున మెరిసిన ఆ 'చవక' ఇదే.

మన రాష్ట్రంలో ఆశాలు రోడ్ల మీద కూర్చుని, అరెస్టులై, 2019లో నెలకి 10 వేలు సాధించుకున్నారు. 2025లో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు కూడా ఇచ్చింది. కానీ కేంద్రం రికార్డుల్లో ఆమె ఇప్పటికీ స్వచ్ఛంద సేవకురాలే, ఉద్యోగి కాదు. అర్ధరాత్రి కాన్పు కేసుతో ఆసుపత్రి వరండాలో పడుకునేది సేవ, పగలు ఫైలు మీద సంతకం పెట్టేది ఉద్యోగం! అమ్మలా చేస్తుంది కాబట్టి అమ్మకిచ్చినట్టే ఇస్తాం అనే పితృస్వామ్య నీతిని ఆరోగ్య బడ్జెట్‌లోకి తెచ్చి, దానికి ఖర్చు-ఫలిత విశ్లేషణ అని పేరు పెట్టాం.

ఇంకో విచిత్రం చూడండి. ఇదే పేరుతో ఇంకొక 'ఆశా' ఉంది, స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం. బకాయిలు చెల్లించలేదని 2025 అక్టోబరులో ఆ సంఘం ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్యసేవను ఆపాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం చాలా ఇళ్ళను అప్పుల నుంచి కాపాడిందన్న మాట నిజం. గుండె ఆపరేషన్ అయిన మనిషి ఇంట్లో కూర్చుని దాన్ని తిట్టడం నాకు చేతకాదు. కానీ అది ప్రధానంగా మంచం మీద పడుకోబెట్టి చేసే వైద్యానికే. బీపీ మాత్ర అందక పక్షవాతం వస్తే అప్పుడు డబ్బు కదులుతుంది, మాత్ర కోసం కదలదు. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 2021-22లో కూడా 39.4 శాతం జనం జేబులోంచే పోయింది. అందులో పోయిన కూలి కలవదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం మూడింట రెండు వంతుల డబ్బు ప్రాథమిక వైద్యానికి పెట్టమంది. ఆరోగ్యశ్రీ మోడల్ ప్రైవేటు రంగానికే లాభమని వీణా శత్రుఘ్న, రాజన్ శుక్లా, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే రాశారు.

కేసుకి ఇంత అని కట్టే చోట కేసులు పెరుగుతాయి. కేసు దొరికేది ఎక్కడ? ఆడవాళ్ళ కడుపులో. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆ ఆపరేషన్లలో దేశం మొత్తం మీద మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగాయి. ఇదంతా ఒక్క పథకం చేసిందని నేననను, అంతకు ముందు నుంచే ఉంది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసేశారన్న మాట ఈ తీరం పల్లెల్లో నేను ఎన్నిసార్లు విన్నానో! బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చి, రాష్ట్రాలన్నీ మార్గదర్శకాలు అమలు చెయ్యాలంది. ఊళ్ళో ఆ తెల్లబట్టకి మందిచ్చే నర్సు వారానికొకసారి ఉంటే ఎంత ఖర్చయ్యేది అన్న పోలిక ఏ పట్టికలోనూ నాకు కనిపించలేదు.

చవకే ప్రమాణమైతే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. మగవాళ్ళకి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సులువు, తక్కువ ఖర్చు, ప్రమాదం తక్కువ, కడుపు కోయనక్కర్లేదు. ఏ డాక్టరూ కాదనడు. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవాళ్ళు సుమారు 70 శాతం, మగవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడ్డ జంటలు అర శాతం కూడా లేరు. దశాబ్దాలుగా ఇక్కడ ఖర్చు-ఫలితం లెక్క ఎవరికీ గుర్తు రాలేదేం? మగవాడి శరీరం దగ్గరికి రాగానే సంప్రదాయం, మనోభావాలు, పని చేసుకోవాలి గదా అన్న సాకు! ఆడదానికి పని లేనట్టు.

కాబట్టి ఎన్జీవో మిత్రులు ఈసారి దాతకి నివేదిక రాసేటప్పుడు 'లబ్ధిదారుకి ఇంత ఖర్చు' అన్న గడి పక్కన ఇంకో మూడు గడులు గీయండి: వచ్చిపోవడానికి ఆమెకైన డబ్బు, పోయిన కూలి, ఆమె బదులు ఇంట్లో పని చేసినవాళ్ళ గంటలు. కార్యకర్తకి కనీస వేతనం ఇస్తే ఖర్చు ఎంతవుతుందో కూడా వేసి చూపించండి. అప్పుడు కూడా అట్టడుగున ఆమే నిలిస్తే, సంతోషం, ఆ జీతంతోనే నియమించండి.

ఆ పట్టపుపాలెంలో పొదుపు సంఘం ఆడవాళ్ళు ఒక నోటుబుక్కు మొదలుపెట్టారు. మాత్రలు లేవన్న తేదీ, టౌనుకి వెళ్ళిన తేదీ, అయిన డబ్బు. నాలుగో గడిలో ఎవరు బడి మానారో రాస్తున్నారు, అది వాళ్ళు పెట్టుకున్నదే. నేను వెళ్ళేసరికి పదకొండు పేజీలు నిండాయి. వేట నిషేధం అయిపోగానే దాన్ని మండల సర్వసభ్య సమావేశానికి తీసుకెళ్తామన్నారు, ఆటో ఖర్చు కూడా అందులోనే రాసుకుంటారట.