పాడినవాని కూలి

పాట దేవుడిచ్చిన వరమనియు, కాబట్టి పాడువాడు సొమ్ము మాట ఎత్తరాదనియు చెప్పువారు మనలో అనేకులు గలరు. వినుటకు ఈ మాట భక్తిగానే యున్నది. అయితే వారు ఈ మాట ఎవరితో చెప్పుచున్నారో గమనింపుడి. పాటను రికార్డుచేసి అమ్ము కంపెనీతో చెప్పరు. ఫోనులో పాట వినిపించి నెలచందా వసూలుచేయు సంస్థతోను చెప్పరు. హార్మోనియము వాయించి నడిచి యింటికి పోవు పేదవానితోనే చెప్పుదురు. అందరును లాభము తీసికొనుచుండగా ఒక్కనిని మాత్రమే త్యాగము చేయుమనుట భక్తి కాదు, అన్యాయము.

మరికొందరు నేరమంతయు యంత్రము మీద మోపుదురు. ఇదియు సరికాదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టెను. 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోను కంపెనీ కొరకు పాడగా, గొప్పవారి మేడలలో వినబడిన ఆ కంఠము బజారులోని సామాన్యుని చెవికిని చేరెను. ఇది మేలే గదా! కాని యంత్రమునకు ఒక గుణము గలదు. మనిషి ఒక్కసారి పాడును, యంత్రము లక్షసార్లు పాడును. ఆ లక్షసార్ల ఆదాయములో మనిషి వంతు ఎంతయో యంత్రము తేల్చదు. ఒప్పందము తేల్చును, చట్టము తేల్చును. ఒప్పందములు వ్రాయువారు మనుష్యులు. కనుక జవాబుదారులును మనుష్యులే.

దీనికి అమెరికా చరిత్రయే సాక్ష్యము. 1927 తరువాత మాటలాడు సినిమాలు రాగా, మూగచిత్రముల యెదుట వాయించు వేలకొలది వాద్యగాండ్రు పనులు పోగొట్టుకొనిరి. పిమ్మట రేడియోలును హోటళ్లును మనుష్యులకు బదులు రికార్డులనే పెట్టుకొనసాగినవి. అప్పుడు జేమ్స్ పెట్రిల్లో నాయకత్వమున వాద్యకారుల సంఘము 1942 ఆగస్టు 1 నుండి రికార్డులకు వాయించుట మానివేసెను. యుద్ధకాలమని నిందలు వచ్చినవి. 1944లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయముగా కోరినను పెట్రిల్లో లొంగలేదు. 1943లో డెక్కాయు, 1944 నవంబరులో కొలంబియా, ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీలును ప్రతి రికార్డుకు కొంత సొమ్ము సంఘపు నిధికి చెల్లించుటకు సమ్మతించెను. ఆ నిధితో వాద్యగాండ్రకు కూలి యిచ్చి, ప్రజలకు ఉచితముగా కచేరీలు చేయించిరి. యంత్రము అదే యంత్రము. పంచు విధము మాత్రము మారెను.

మన దేశమున ఈ పని మరింత ఆలస్యమాయెను. 1957 కాపీరైటు చట్టమును బట్టి, నిర్మాత సొమ్మిచ్చి వ్రాయించుకొనిన పాటకు, వేరు ఒప్పందము లేనియెడల, నిర్మాతయే యజమాని యని 1977లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పులోనే న్యాయమూర్తి కృష్ణయ్యర్, పాడువానికి చట్టమున హక్కు లేకపోవుటను ఎత్తిచూపి విచారపడెను. పాడువారికి 1994లో కొంత హక్కు కలిగెను. 2012 సవరణ కవికిని సంగీతకర్తకును, సినిమా హాలులో ఆడు చిత్రముతో గాక వేరుగా పాట వినియోగమైనప్పుడెల్ల, రాయల్టీలో సమానమైన వంతు నిచ్చెను. ఆ వంతును కంపెనీకి వ్రాసి యిచ్చివేయుటకును వీలులేకుండ జేసెను. అవసరములో నున్నవాడు ఏ కాగితము మీదనైనను సంతకము చేయునని ఎరిగి చేసిన చట్టమిది. చట్టము వచ్చినది గాని, తమకీ హక్కు కలదని ఎరుగనివారు నేటికిని ఎందరో!

ఇప్పుడు స్ట్రీమింగ్ కాలము వచ్చినది. 2024లో లోకమంతట రికార్డు సంగీతపు ఆదాయము 2,960 కోట్ల డాలర్లు. అందులో నూటికి 69 వంతులు స్ట్రీమింగ్ వలననే వచ్చినవి. కాబట్టి సొమ్ము లేదనువారి మాట చెల్లదు. స్పాటిఫై తన సంగీత ఆదాయములో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు చెల్లించుచున్నానని చెప్పుచున్నది. మంచిదే. అయితే హక్కుదారుడనగా ముందుగా కంపెనీ. పాడినవానికి ఒప్పందము కొలదియే అందును. తబలా వాయించినవానికి సాధారణముగా ఆనాటి కూలితోనే సరి.

పంచు విధమును చూడుడి. ఒకడు నెలకు 100 రూపాయలు కట్టి, నెలంతయు ఒక్క బుర్రకథ దళమునే విన్నాడనుకొందము. అతని సొమ్ములోని సంగీతపు వంతు ఆ దళమునకే పోదు. అందరి సొమ్మును ఒక్క రాశి పోసి, మొత్తము విన్న లెక్కనుబట్టి పంచుదురు. పగలంతయు అంగడిలో సినిమా పాట మ్రోగించువాని లెక్కయే పెద్దదగును. ఇతని రూపాయయు అటే పోవును. ఇంకను, 12 నెలలలో 1,000 సార్లయినను వినబడని పాటకు 2024 నుండి స్పాటిఫై ఆ రాశిలో వంతు నివ్వదు. అవి పైసలే గదా, చేరకముందే బ్యాంకు ఖర్చులకు పోవునని వారి వాదము. విధవరాలి రెండు కాసులను ప్రభువు లెక్కించెను, వీరు లెక్కింపరు.

ఈ రాశిమీదికి మరియొక చేయి చాపబడినది. తమకు దినదినము వచ్చు క్రొత్త పాటలలో నూటికి 28 పూర్తిగా కృత్రిమ మేధ చేసినవేయని డీజర్ సంస్థ 2025 సెప్టెంబరులో తెలిపెను. వాటిని వినువారు ఇంకను కొద్దిమందియే. అయినను రాశి యొక్కటే గనుక, ఆకలిలేని యంత్రము పాటకు పోయిన ప్రతి పైసయు ఆకలిగల మనిషి వంతులోనిదే.

వేరు మార్గము లేదని చెప్పకుడి. ఎవడు విన్న పాటకు వాని సొమ్మే చేరు పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో ఆరంభించెను. మనస్సుంటే లెక్క మార్చవచ్చును.

ప్రియ చదువరులారా, పెద్ద కంపెనీలను నిందించి ఊరకుండుట సులభము. మన సంఘములలో న్యాయము ఎట్లున్నది? పండుగనాడు వాయించుకొని, భోజనము పెట్టి పంపుట మర్యాదయే గాని కూలి కాదు. పాట పుస్తకములలోను తెరలమీదను రచయిత పేరు తీసివేయుట చిన్న తప్పు కాదు. వాద్యగానికి ముందే కూలి నిర్ణయించి, ఆ దినముననే చెల్లింపుడి. పాట రికార్డుచేయునప్పుడు ఎవరి వంతు ఎంతయో కాగితము మీద వ్రాసికొనుడి. బిగబట్టిన కూలి మొర దేవుని చెవిని చేరునని యాకోబు పొలపు పనివారిని గూర్చి హెచ్చరించెను. పాడువాడును పనివాడే. అతని కూలి బిగబట్టి మనము ఆరాధనలో గొంతెత్తినయెడల, దేవుడు ముందుగా వినునది మన పాట కాదు, అతని మొరయే.